బొగ్గును ప్రాణరక్షగా మలచిన రసాయనవేత్త: నికొలాయ్ జెలిన్‌స్కీ

సృష్టిలో హీనమైనవిగా మనం తలచే వస్తువులలో బొగ్గు ఒకటి. చేతికి తగిలితే మసి, గోడకు తగిలితే మచ్చ. అపకీర్తి పాలైనవాని ముఖాన్ని దానితోనే పోలుస్తాం. ఎంత కడిగినా మారని దుస్స్వభావానికి మన పెద్దలు దానినే దృష్టాంతంగా చూపారు. చాకలి ఇస్త్రీపెట్టెలోనో, ఊదు వేసే కుంపటిలోనో ఒక పూట ఎర్రగా వెలిగి బూడిద కావడమే దాని జన్మకు ప్రయోజనమని అనుకుంటాం. కాని తాను ఎన్నటికీ తెల్లబడని ఆ బొగ్గే చక్కెర పానకంలోని రంగును హరించి దానిని తెల్లబరుస్తుంది. తాగే నీటిలోని దుర్వాసనను తొలగిస్తుంది. ఊపిరిలో చేరబోయే విషాన్ని దారిలోనే పట్టి ఆపుతుంది. బొగ్గులో దాగిన ఈ గుణాన్ని లక్షలాది ప్రాణాల రక్షణకు వినియోగించిన ఒక మహనీయుని జీవితాన్ని మన కళాశాల విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆయన పేరు నికొలాయ్ ద్మీత్రియెవిచ్ జెలిన్‌స్కీ. రసాయన శాస్త్రం అభ్యసించే మన విద్యార్థులకు ఈ పేరు కొత్తది కాదు. కార్బాక్సిలిక్ ఆమ్లాల పాఠంలో హెల్-వోల్హార్డ్-జెలిన్‌స్కీ చర్య అని ఒకటి ఉన్నది. పరీక్షలకు ముందు రాత్రి ఆ మూడు పేర్లనూ కంఠస్థం చేసి, పరీక్ష ముగిసిన మరునాడు మరచిపోవడం పరిపాటి. నేను తెలుగు బోధించేవాణ్ణి. రసాయన శాస్త్రంలో నాకు పాండిత్యం లేదు. అయినా ఆ మూడవ పేరు వెనుక నిలిచిన మనిషి కథ తెలిసిన తరువాత, అది ఒక్క ప్రయోగశాలకే పరిమితం కావలసినది కాదని తోచింది. చర్యకు సంబంధించిన సమీకరణం ఆ శాస్త్రజ్ఞులకే వదిలివేద్దాం. చరిత్ర మాత్రం అందరి సొత్తు.

జెలిన్‌స్కీ 1861 ఫిబ్రవరి 6వ తేదీన నీస్టర్ నదీ తీరంలోని తిరాస్పోల్ పట్టణంలో జన్మించాడు. ఆనాడు అది రష్యన్ సామ్రాజ్యంలోని ఖెర్సోన్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. పసితనం వీడకముందే తల్లిదండ్రులిద్దరూ క్షయరోగానికి బలియైనారు. అనాథయైన ఆ బాలుని ఆయన అవ్వ గుండెలకు హత్తుకొని పెంచింది. తల్లిదండ్రులను కబళించిన వ్యాధి బిడ్డను కూడా ఎక్కడ పట్టుకుంటుందోనన్న భయం ఆమెను నిరంతరం వేధించేది. అందువల్ల ఆ బాలుణ్ణి ఇంట్లో దాచక, ఎండలోను, గాలిలోను, ఏటి ఒడ్డునను తిరగనిచ్చి శరీరాన్ని గట్టిపరచింది. ఊపిరితిత్తుల వ్యాధితో తల్లిదండ్రులను కోల్పోయినవాడు, మంచి గాలి విలువ బాల్యంలోనే గ్రహించినవాడు, పెద్దయిన తరువాత పరుల ఊపిరిని కాపాడే సాధనాన్ని నిర్మించడం దైవఘటన అనవచ్చు.

తిరాస్పోల్‌లో ప్రాథమిక విద్య ముగించి ఒదెస్సా నగరంలోని ఉన్నత పాఠశాలలో చేరాడు. 1880లో అక్కడి నొవొరస్సియస్క్ విశ్వవిద్యాలయంలో ప్రవేశించి, ప్రకృతి శాస్త్రాలు అభ్యసించి, 1884లో పట్టం పుచ్చుకున్నాడు. ప్రతిభావంతుడైన ఆ యువకుణ్ణి విశ్వవిద్యాలయం ఉన్నత పరిశోధన కోసం 1885లో జర్మనీకి పంపింది. ఆ కాలంలో కర్బన రసాయన శాస్త్రానికి జర్మనీయే పుట్టినిల్లు. లైప్‌జిగ్‌లో విస్లిసేనుస్ వద్ద, గోటింగెన్‌లో విక్టర్ మేయర్ వద్ద ఆయన శిష్యరికం చేశాడు.

గోటింగెన్‌లోనే ఆయన జీవితానికి ఒక విచిత్రమైన ముద్ర పడింది. థయోఫీన్ అనే గంధకపు సమ్మేళనానికి సంబంధించిన పదార్థాన్ని తయారుచేసే ప్రయత్నంలో, మధ్యలో ఒక నూనెవంటి ద్రవం ఏర్పడింది. అదేమిటో, దాని స్వభావమెట్టిదో ఎవరూ ఊహించలేదు. ఆ ద్రవం తాకిన చేతులు బొబ్బలెక్కి, పుండ్లుపడి, ఆ యువ పరిశోధకుడు చాలాకాలం ఆసుపత్రిలో మంచం పట్టవలసి వచ్చింది. ఆ ద్రవమే తరువాతి కాలంలో ఆవాలవాయువు, అనగా మస్టర్డ్ గ్యాస్ అనే పేరుతో లోకాన్ని గడగడలాడించిన డైక్లోరో డై ఇథైల్ సల్ఫైడ్. యుద్ధభూమిలో అది ప్రయోగింపబడటానికి మూడు దశాబ్దాలకు ముందే దాని దెబ్బను తన చర్మంపై చవిచూసినవాడు జెలిన్‌స్కీ. విషం అనేది ఆయనకు పుస్తకంలో చదివిన మాట కాదు, ఒంటిపై అనుభవించిన బాధ.

స్వదేశానికి తిరిగివచ్చి 1889లో మాస్టర్ పట్టాన్ని, 1891లో డాక్టర్ పట్టాన్ని సంపాదించాడు. నేడు పాఠ్యపుస్తకాలలో ఆయన పేరు నిలిపిన చర్య 1887 నాటిది. 1891లోనే నల్లసముద్రపు లోతులను పరిశీలించే నౌకాయాత్రలో పాల్గొని, ఆ సముద్రగర్భంలోని హైడ్రోజన్ సల్ఫైడుకు సూక్ష్మజీవులే కారణమని నిరూపించాడు. 1893లో మాస్కో విశ్వవిద్యాలయం ఆయనను ఆచార్యునిగా ఆహ్వానించింది. అక్కడ ఆయన పెట్రోలియంలోని హైడ్రోకార్బన్ల స్వరూపాన్ని, వాటిని మార్చగల ఉత్ప్రేరకాలను పరిశోధిస్తూ, తన చుట్టూ ఒక గొప్ప శిష్యబృందాన్ని సమకూర్చుకున్నాడు.

అట్టి ప్రశాంత జీవితంలో 1911వ సంవత్సరం ఒక పరీక్షగా వచ్చింది. విద్యార్థుల ఆందోళనల మిషతో ప్రభుత్వం విశ్వవిద్యాలయపు ప్రాంగణంలోకి పోలీసులను పంపింది. విద్యామంత్రి కాస్సో విశ్వవిద్యాలయ స్వయంపాలనపై దెబ్బ తీశాడు. నిరసనగా విశ్వవిద్యాలయాధిపతి రాజీనామా చేయగా, ఆయన వెంట వందమందికి పైగా ఆచార్యులు, అధ్యాపకులు ఉద్యోగాలు వదలి బయటికి వచ్చారు. వారిలో జెలిన్‌స్కీ ఒకడు. పద్దెనిమిదేండ్లు తీర్చిదిద్దుకున్న ప్రయోగశాలను, శిష్యులను విడిచిపెట్టడం సామాన్యమైన త్యాగం కాదు. ఆయన సెయింట్ పీటర్స్‌బర్గుకు వెళ్లి ఆర్థిక మంత్రిత్వశాఖకు చెందిన కేంద్ర ప్రయోగశాలలో పనికి కుదిరాడు. సారాయి వంటి సరుకుల పరీక్షలతో ముడిపడిన ఆ చోటు మహాపరిశోధకునికి తగినది కాదని ఎవరికైనా తోచవచ్చు. కాని ఆ సారాయి శుద్ధిలోనే బొగ్గుతో ఆయనకు సన్నిహిత పరిచయం కలిగింది. ముడి సారాయిలోని దుర్వాసన గల నూనెలను బొగ్గు పొరల గుండా వడపోసి తొలగించడం రష్యాలో చిరకాలంగా ఉన్న ఆచారం.

1914లో మొదటి ప్రపంచయుద్ధం ప్రారంభమైంది. 1915 ఏప్రిల్ 22వ తేదీన బెల్జియంలోని ఈప్ర పట్టణం వద్ద జర్మన్ సైన్యం వేలాది ఉక్కు సిలిండర్ల మూతలు తెరచి క్లోరిన్ వాయువును గాలివాటున వదలింది. పచ్చని పొగ నేలబారున పాకి, ఎదురుగా కందకాలలో ఉన్న సైనికులను ఉక్కిరిబిక్కిరి చేసింది. ఆ ప్రయోగానికి సూత్రధారి ఫ్రిట్జ్ హేబర్ అనే రసాయనవేత్త. గాలిలోని నైట్రోజన్‌ను అమ్మోనియాగా మార్చే మార్గం కనిపెట్టి, పంటలకు ఎరువునిచ్చి, కోట్లమందికి అన్నం పెట్టిన మేధావియే ఆ విషమేఘాన్ని కూడా నడిపించాడు. విద్య ఒక్కటే, దానిని పట్టుకున్న చేతిని బట్టి అది అన్నమూ కావచ్చు, విషమూ కావచ్చు. 1915 మే 31వ తేదీన వార్సా సమీపంలోని బొలిమూవ్ వద్ద రష్యన్ సైన్యంపైన కూడా క్లోరిన్ ప్రయోగం జరిగింది. ముఖానికి ఏ ఆచ్ఛాదనా లేని ఆ సిపాయిలలో వెయ్యిమందికి పైగా మరణించారు. వేలాదిమంది ఊపిరితిత్తులు చెడి అస్వస్థులైనారు.

ఆ వార్తలు పెట్రోగ్రాడ్ అని అప్పటికే పేరు మారిన రాజధానికి చేరాయి. యాభై నాలుగేండ్ల జెలిన్‌స్కీ వాటిని చదివి చలించిపోయాడు. అయితే చలించడంతో ఆగిపోలేదు. బ్రతికి బయటపడినవారు ఎట్లా బ్రతికారని ప్రశ్నించుకున్నాడు. కొందరు తడిగుడ్డను ముఖానికి చుట్టుకున్నారు. కొందరు బరువైన అంగీని తలపై కప్పుకొని, దాని ఉన్ని గుండా ఊపిరి పీల్చారు. మరికొందరు వదులుగా ఉన్న మట్టిలో ముఖం దాచుకున్నారు. ఈ మూడింటిలోను ఉన్న సామాన్య ధర్మమేమిటి? గాలి పోవడానికి సందు ఇస్తూనే, దారిలో విషాన్ని పట్టి నిలుపగల సచ్ఛిద్రత. అట్లయితే అన్నింటికన్న ఎక్కువ రంధ్రాలు గల వస్తువు ఏది? ఆయన మనస్సు వెంటనే బొగ్గుపైకి పోయింది.

అప్పటికి అన్ని సైన్యాలూ ఉపయోగిస్తున్నవి మందు ద్రావణంలో తడిపిన గుడ్డపట్టీలు. ఫోటోల పనిలో వాడే హైపో, సోడా మొదలైన ద్రావణాలు క్లోరిన్‌తో రసాయన చర్య జరిపి దానిని నిర్వీర్యం చేసేవి. కాని శత్రువు మరొక వాయువును మార్చి ప్రయోగిస్తే ఆ పట్టీ పనికిరాదు. నిజంగానే 1915 డిసెంబరులో ఈప్ర వద్ద ఫాస్జీన్ అనే మరింత ఘోరమైన వాయువు క్లోరిన్‌తో కలిసి వచ్చింది. ప్రతి విషానికీ వేరొక విరుగుడు వెదకుతూ పోతే, విరుగుడు దొరికేలోగా ప్రాణాలు పోతాయి. వచ్చేది ఏ విషమో తెలియకపోయినా అడ్డగించగల సాధనం కావాలి. జెలిన్‌స్కీ ఆలోచనలోని విశిష్టత ఇదే. ఆయన ఒక విషానికి మందు వెదకలేదు, విషాలన్నింటికీ గోడ కట్టదలచాడు.

బొగ్గుకు ఆ శక్తి ఎక్కడిది? ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పక తప్పదు. బొగ్గు వాయువులను పట్టుకొంటుందని స్వీడన్‌కు చెందిన షీలే 1773లోనే గమనించాడు. సెయింట్ పీటర్స్‌బర్గులో పనిచేసిన లోవిట్జ్ 1785లో బొగ్గు ద్రావణాల రంగును తొలగించగలదని కనుగొన్నాడు. దూది నీటిని పీల్చి తనలో నింపుకున్నట్లు బొగ్గు వాయువును పీల్చదు. బెల్లపు అచ్చుపై ఈగలు వాలినట్లు వాయువుల అణువులు బొగ్గు ఉపరితలంపై వాలి అతుక్కుంటాయి. దీనినే అధిశోషణం అంటారు. అందువల్ల ఎంత ఉపరితలం ఉంటే అంత శక్తి. మామూలు బొగ్గులోని రంధ్రాలు చాలావరకు తారువంటి మలినాలతో మూసుకొని ఉంటాయి. ఆ రంధ్రాలను తెరచి, కొత్త రంధ్రాలను తొలిచి, బొగ్గును మేల్కొల్పే క్రియకే ఉత్తేజనం అని పేరు. అట్లా తయారైనదే ఉత్తేజిత కర్బనం.

ఆ తయారీ రెండు దశలలో జరుగుతుంది. మొదటి దశ కర్బనీకరణం. కట్టెనో, గింజల పెంకులనో, కొబ్బరి చిప్పలనో గాలి చొరనీయకుండా మూసిన కొలిమిలో వేడిచేస్తారు. నీరు, పొగ, తారు ఆవిరై వెళ్లిపోగా బరువులో సుమారు మూడోవంతో, అంతకు తక్కువో బొగ్గు మిగులుతుంది. రెండవ దశ ఉత్తేజనం. ఆ బొగ్గును 800 నుండి 1000 సెంటిగ్రేడు డిగ్రీల వేడిలో ఉంచి, దాని గుండా నీటి ఆవిరినో, కార్బన్ డయాక్సైడునో పంపుతారు. నీటి ఆవిరి ఎర్రని బొగ్గుతో కలిసి కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్ వాయువులను పుట్టిస్తుంది. అంటే బొగ్గు తనలోంచి కొంతభాగాన్ని వాయువుగా కోల్పోతుంది. అట్లా కోల్పోయిన చోటల్లా ఒక సూక్ష్మరంధ్రం తెరచుకుంటుంది. ఈ చర్య వేడిని మింగుతుంది కనుక కొలిమికి ఎడతెగకుండా వేడి అందించాలి. మామూలు గాలిని చొరనిస్తే బొగ్గు ఊరకే మండి బూడిదవుతుంది. తక్కువసేపు ఉంచితే రంధ్రాలు తెరచుకోవు. ఎక్కువసేపు ఉంచితే రంధ్రాల మధ్య గోడలు కూలి, గుల్ల పొడియై రాలిపోతుంది. ఎప్పుడు ఆపాలో తెలియడమే ఈ విద్యలోని నేర్పు. రెండవ మార్గం కూడా ఉన్నది. కట్టెపొడిని జింక్ క్లోరైడు లేదా ఫాస్ఫారిక్ ఆమ్లంలో నానబెట్టి, అంతకంటె తక్కువ వేడిలో కాల్చి, తరువాత ఆ రసాయనాన్ని కడిగివేస్తారు. ఈ రెండు విధానాలకూ 1900, 1901 ప్రాంతంలో పేటెంట్లు పొందినవాడు ఒస్త్రెయ్‌కో అనే పోలండు జాతి రసాయనవేత్త.

ఇట్లా తయారైన కర్బనం ఒక్క గ్రాములో ఉండే రంధ్రాల గోడలన్నింటినీ విప్పి పరచగలిగితే 500 నుండి 1500 చదరపు మీటర్ల విస్తీర్ణం వస్తుంది. వెయ్యి చదరపు మీటర్లంటే దాదాపు పావు ఎకరం. చిటికెడు పొడిలో పావు ఎకరం నేల ముడుచుకొని ఉన్నదన్నమాట! ఆ నేలపై వాలిన విషం తిరిగి లేవలేదు.

జెలిన్‌స్కీ తన దేశంలో విరివిగా దొరికే భూర్జవృక్షపు బొగ్గును తీసుకొని, దానిని తిరిగి కాల్చి, మూసుకున్న రంధ్రాలను తెరిపించాడు. పరీక్షకు ఇతరులను బలిపెట్టలేదు. ప్రయోగశాలలోని ఒక ఖాళీ గదిలో గంధకాన్ని కాల్చి, మనిషి నిలువలేనంత ఘాటు పొగతో నింపారు. చేతిరుమాలులో బొగ్గు పలుకులను మూటగట్టి ముక్కుకు, నోటికి అదిమిపట్టుకొని ఆయన, ఆయన సహచరులు స్వయంగా ఆ గదిలోకి ప్రవేశించారు. అరగంటకు పైగా నిలిచి క్షేమంగా బయటికి వచ్చారు. తన విద్యపై ఎంత నమ్మకమున్నదో చెప్పడానికి అంతకు మించిన నిదర్శనం అక్కరలేదు. 1915 వేసవిలోనే పెట్రోగ్రాడ్‌లోని రష్యన్ సాంకేతిక సంఘం సభలో తన ఫలితాలను బహిరంగంగా ప్రకటించాడు.

బొగ్గు ఉన్నంతమాత్రాన చాలదు. ముఖానికి గాలి చొరని కవచం కావాలి. ఆ లోటు తీర్చినవాడు రబ్బరు కర్మాగారంలో ఇంజనీరుగా ఉన్న కుమ్మంత్. తలకు, ముఖానికి బిగువుగా అతుక్కునే రబ్బరు తొడుగును ఆయన రూపొందించాడు. దానికి కంటి అద్దాలు, కింద బొగ్గు నింపిన రేకుడబ్బా. ఈ ఇద్దరి కృషి కలిసి జెలిన్‌స్కీ-కుమ్మంత్ గ్యాస్ మాస్కు అవతరించింది.

ఇక్కడే కథలో దుఃఖకరమైన ఘట్టం ఉన్నది. మాస్కు సిద్ధమైనది, కాని సైనికునికి అందలేదు. సైన్యపు ఆరోగ్య వ్యవహారాలపై అధికారం చలాయించే ఓల్డెన్‌బర్గ్ రాజకుమారుని వర్గం సోడా, సున్నం కలిపిన పలుకులు నింపిన వేరొక మాస్కును సమర్థించింది. మనిషి ఊపిరిలోని తేమ, కార్బన్ డయాక్సైడు తగిలి ఆ పలుకులు గట్టిపడేవి. అయినా పలుకుబడి ఉన్నవారి మాటే చెల్లింది. సంఘాలు, నివేదికలు, పరీక్షలు, తిరిగి పరీక్షలు అనే చక్రంలో నెలలు గడచిపోయాయి. ఆ జాప్యానికి మూల్యం చెల్లించినవారు కార్యాలయాలలో కూర్చున్నవారు కారు, కందకాలలో నిలిచినవారు. చివరకు 1916 ఫిబ్రవరిలో మొగిల్యోవ్‌లోని సైనిక ప్రధాన స్థావరం వద్ద అన్ని రకాల మాస్కులకూ ఒకేచోట పోటీ పరీక్ష జరిపారు. విషవాయువు నింపిన రైలుపెట్టెలో ఒక్కొక్క మాస్కు ధరించినవారు ప్రవేశించారు. తక్కినవారు త్వరత్వరగా బయటికి రాగా, జెలిన్‌స్కీ సహాయకుడైన స్తెపానోవ్ గంటకు పైగా లోపలనే ఉండి నిబ్బరంగా వెలుపలికి వచ్చాడు. అంతటితో వాదాలు ముగిశాయి. యుద్ధకాలంలో ఇట్టి మాస్కులు కోటి పది లక్షలకు పైగా తయారై రష్యన్ సైన్యానికి చేరాయి.

కుమ్మంత్ తన రబ్బరు తొడుగుకు పేటెంటు పొందాడు. అందులో తప్పేమీ లేదు, అది చట్టసమ్మతమైన హక్కు. కాని జెలిన్‌స్కీ తన బొగ్గుకు పేటెంటు తీసుకోలేదు. మనుషుల ప్రాణాలు కాపాడేందుకు ఉద్దేశించిన వస్తువుపై లాభం పొందడం ఆయన అంతరాత్మకు సమ్మతం కాలేదు. కోటికి పైగా తయారైన వస్తువుపై ఒక్కొక్కదానికి స్వల్పమైన మొత్తం పుచ్చుకున్నా ఆయన కోటీశ్వరుడయ్యేవాడు. తయారీ రహస్యాన్ని దాచుకొనక మిత్రదేశాలకు కూడా తెలియనిచ్చాడు. ఉత్తేజిత కర్బనం నింపిన మాస్కులు ఇతర దేశాల సైన్యాలలోనూ ప్రవేశించాయి. 1918లో అమెరికాలో ప్రజలు పీచు పండ్ల టెంకలను, గింజల పెంకులను పోగుచేసి మాస్కుల బొగ్గు కోసం ప్రభుత్వానికి అప్పగించారు. చెత్తకుప్పలో పడవలసిన టెంక ఒక సైనికుని ఊపిరియై నిలిచింది.

ఆ మాస్కు లోపరహితమైనదని చెప్పడం న్యాయం కాదు. ఊపిరి విడిచే గాలికి వేరు దారి లేక, అది కూడా బొగ్గు గుండానే వెనక్కు పోవలసి వచ్చేది. కంటి అద్దాలపై ఆవిరి పట్టేది. అన్నింటికన్న ముఖ్యమైన పరిమితి 1917 జూలైలో బయటపడింది. ఈప్ర వద్దనే జర్మన్లు మస్టర్డ్ గ్యాస్‌ను ప్రయోగించారు. మాస్కు కన్నులను, ఊపిరితిత్తులను కాపాడగలదు గాని, చర్మాన్ని కాల్చే ఆ ద్రవాన్ని ఏమి చేయగలదు? యౌవనంలో తన చేతులను దహించిన శత్రువే తిరిగివచ్చి, తాను కట్టిన గోడ ఎంతవరకు నిలువగలదో ఆయనకు చూపినట్లయింది. మరొక పరిమితిని మనం కూడా గుర్తుంచుకోవాలి. ఉత్తేజిత కర్బనం కార్బన్ మోనాక్సైడును ఆపలేదు. తలుపులు మూసిన గదిలో బొగ్గుకుంపటి పెట్టుకొని నిద్రించేవారి ప్రాణాలు తీసేది ఆ వాయువే. బొగ్గు నుండి పుట్టిన ఆ విషానికి బొగ్గే విరుగుడు కాలేదు. ఏ విద్యకైనా హద్దు ఉన్నదని తెలుసుకోవడం కూడా విద్యలో భాగమే.

1917లో జార్ చక్రవర్తి పాలన అంతమైన తరువాత జెలిన్‌స్కీ మాస్కో విశ్వవిద్యాలయానికి తిరిగి వచ్చాడు. ఆరేండ్ల క్రితం ఆత్మగౌరవం కోసం విడిచిన ప్రయోగశాల తలుపులు మళ్లీ తెరచుకున్నాయి. అంతర్యుద్ధంలో దేశానికి పెట్రోలు కరువైనప్పుడు, 1918, 1919 సంవత్సరాలలో అల్యూమినియం క్లోరైడు సహాయంతో బరువైన చమురు మడ్డి నుండి పెట్రోలు తీసే విధానాన్ని రూపొందించాడు. బొగ్గుతో ఆయన చెలిమి యుద్ధంతో ముగియలేదు. 1920 దశకంలో శిష్యుడు కజాన్‌స్కీతో కలిసి, ఎసిటిలీన్ వాయువును వేడిచేసిన ఉత్తేజిత కర్బనంపై పంపితే బెంజీన్ ఏర్పడుతుందని చూపాడు. విషాన్ని పట్టి ఆపిన వస్తువే ఇక్కడ ఉత్ప్రేరకమై కొత్త పదార్థాన్ని నిర్మించింది. 1929లో సోవియట్ శాస్త్ర అకాడమీ సభ్యత్వం ఆయనను వరించింది. 1945లో సోషలిస్టు శ్రమవీరుడనే బిరుదు లభించింది. కజాన్‌స్కీ, బలాందిన్, నెస్మెయానోవ్ మొదలైన శిష్యులు తామే గొప్ప ఆచార్యులై, గురువు పేరు నిలిపారు. 1953 జూలై 31వ తేదీన, తొంబది రెండేండ్ల పండు వయస్సులో, జెలిన్‌స్కీ మాస్కోలో కన్నుమూశాడు. అక్కడి కర్బన రసాయన శాస్త్ర పరిశోధనాలయానికి అదే సంవత్సరం ఆయన పేరు పెట్టారు. జన్మస్థలమైన తిరాస్పోల్‌లో ఆయన బాల్యం గడచిన ఇల్లు స్మారక ప్రదర్శనశాలగా వెలిసింది.

ఆయన మరణించి డెబ్బది ఏండ్లు దాటినా, ఆయన నమ్మిన బొగ్గు మన ఇంటింటా పనిచేస్తూనే ఉన్నది. నీటి ఫిల్టరులో, చక్కెర, మందుల కర్మాగారాలలో అది నల్లని సేవకురాలు. విషం మింగినవారికి కొన్ని సందర్భాలలో వైద్యులు తాగించేది కూడా ఆ పొడినే. గట్టిదనం, సూక్ష్మరంధ్రాలు సమపాళ్లలో ఉన్నందున కొబ్బరి చిప్ప బొగ్గు ఈ పనికి ఎంతో శ్రేష్ఠమని పేరు పొందింది. కొబ్బరి పండే దక్షిణ భారతదేశంలో చిప్పలు కాల్చి బొగ్గు చేయడం ఎందరికో జీవనాధారం. కోనసీమలో కొబ్బరి తీసి పారవేసిన చిప్పలో ఎన్ని పావు ఎకరాలు ముడుచుకొని ఉన్నవో ఎవరు లెక్కించగలరు?

ప్రియ విద్యార్థులారా! జెలిన్‌స్కీ జీవితంలో మనం గ్రహించవలసినది రసాయన సూత్రం ఒక్కటే కాదు. ఆయన అనాథ, అయినా అవ్వ ఆదరణను వృథాపుచ్చలేదు. విషం ఆయనను కాల్చింది, అయినా ఆయన విషాన్ని ఆయుధంగా పట్టలేదు. అధికారం అన్యాయం చేసినప్పుడు పదవిని వదులుకున్నాడు, దేశానికి ఆపద వచ్చినప్పుడు పగను వదులుకున్నాడు. ఐశ్వర్యం గుమ్మం ముందు నిలిచినప్పుడు తలుపు తెరవలేదు. అన్నింటికన్న మిన్నగా, అందరూ చూస్తూ దాటిపోయే ఒక నల్లని వస్తువు ముందు ఆయన ఆగి, దీనివల్ల ఏమి ప్రయోజనమని అడిగాడు.

మీలో కొందరు పేదరికం వల్లనో, మార్కులు తక్కువ రావడం వల్లనో తమను తాము బొగ్గుగా తలచుకొని కుంగిపోవడం నేను తరగతిలో చూస్తూ ఉంటాను. కొలిమిలోని వేడికి బొగ్గు కొంత కోల్పోతుంది. ఆ కోల్పోయిన చోటనే దానికి శక్తి పుడుతుంది. అయితే ఆ వేడి హద్దు మీరితే బూడిదే మిగులుతుంది కనుక, వేడిచేసే మేము ఎప్పుడు ఆపాలో తెలుసుకొని మసలుకోవలసి ఉన్నది. ఈ మాట విద్యార్థులకు ఎంత వర్తిస్తుందో, అధ్యాపకులమైన మాకు, విద్యాసంస్థను నడిపే పెద్దలకు అంతకన్న ఎక్కువగా వర్తిస్తుంది. రేపు పరీక్షపత్రంలో ఆ మూడు పేర్లలో మూడవది వ్రాసేటప్పుడు, గంధకపు పొగ నిండిన గదిలో చేతిరుమాలుతో నిలిచిన ఆ పెద్దమనిషిని ఒక్క క్షణం తలచుకొంటే ఈ వ్యాసం సార్థకమైనట్లే.